కొత్త చిప్పుకు బొట్టు

జూలై 7, సోమవారం

కొత్త ప్రాసెసర్ వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేంత చిప్పు. దీని కోసం వేసవంతా తిరుపతిరావుగారి కంప్యూటర్ షాపు చుట్టూ తిరిగాను. గవర్నర్‌పేటలో ఆయన కొట్టూ మా ఆఫీసూ ఒకే వీధిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే చెప్పులు అరిగిపోయేవి.

మా పాత సర్వర్ ఒక బ్యాంకు వాడి వదిలేసినది. ఎంత బరువు పెట్టినా మోసింది, పాపం. నాతోపాటు ఈ పని మొదలుపెట్టిన గంగాధర్‌కు ఆపడం తెలియదు. కైకలూరు చుట్టుపక్కల కనిపించిన ప్రతి చేపల చెరువులోనూ ఒక ఆక్సిజన్ మీటరు దించుకుంటూ పోతాడు. కాలేజీలోనూ అంతే, ప్రాజెక్టులు ఒప్పుకొచ్చేది వాడు, చేసేది నేను. ఆ మీటర్లు పంపే అంకెలన్నీ చూసి, ఆక్సిజన్ పడిపోగానే చెరువు వాళ్ళ ఫోను మోగించాల్సింది ఇక్కడి సర్వర్. ఈ మధ్య మోగడం ఆలస్యమవుతోంది. ముసురు రోజులు ముందున్నాయి. రెండు రోజులు ఎండ లేకపోతే చాలు, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిప్పకపోతే చెరువు మొత్తం ఒక్క పూటలో పోతుంది. ఇవన్నీ నాకు తెలిసినవే. రాసుకుంటే భయం తగ్గుతుందని రాస్తున్నాను.

మధ్యాహ్నం రత్తమ్మగారు, కాశీరావుగారు కైకలూరు నుంచి బస్సులో వచ్చారు. వాళ్ళ చెరువే మా మొదటి చెరువు. మీటర్ల మాట ఎవరూ నమ్మని రోజుల్లో భర్తను ఒప్పించి దించనిచ్చింది ఆవిడే. మా సర్వర్‌ను 'మన మిషను' అంటుంది. కొత్త చిప్పు వచ్చిందని గంగాధర్ చెప్పాడట, పసుపు కుంకుమలు పట్టుకుని బయల్దేరి వచ్చింది. కొత్త వల నీళ్ళలో వేసే ముందు ఇంట్లో పెద్ద ఆడమనిషి బొట్టు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ.

"వలకి పెడతాం, పడవకి పెడతాం. ఇన్ని చెరువుల్ని కాసేదానికి పెట్టొద్దా అమ్మాయ్?" అంది.

కాదనడానికి నాకు నోరు రాలేదు. అంచులు మాత్రమే పట్టుకోండి అని ఆవిడ చేతిలో పెట్టాను. పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంది. తడిపిన పసుపు పైన రేకు మీద రాసి, కుంకుమ దిద్ది, కళ్ళకద్దుకుని నాకిచ్చింది. కాశీరావుగారు ఫోటో తీశారు. వాళ్ళు వెళ్ళాక రేకు మీది పసుపంతా స్పిరిట్‌తో తుడిచేశాను. మనసొప్పలేదు గానీ తప్పదు. అడుగున కూడా చూశాను, బోర్డుకు తగిలే బంగారు చుక్కలు నిగనిగలాడుతున్నాయి.

బిగించడం రేపు. ఇవాళ మాత్రం ఎందుకో చాలా సంతోషంగా ఉంది. ఒక మిషను కోసం అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు ఉండడం మామూలు అదృష్టం కాదు.

జూలై 8, మంగళవారం

బిగించాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద చుక్క వెలుగు రాలేదు.

తిరుపతిరావుగారు వచ్చి చూసి నవ్వారు. సాకెట్టు అదే కాబట్టి చిప్పు కూర్చుంటుందట, కానీ ఈ బోర్డు తయారైనప్పుడు ఈ చిప్పు పుట్టలేదు కాబట్టి గుర్తుపట్టదట. పాత ప్రాసెసర్ తిరిగి పెట్టి, బోర్డును లేపే ప్రోగ్రాం, అదే బయాస్, కొత్తది ఎక్కించి, అప్పుడు కొత్త చిప్పు పెట్టాలి. నాకు తెలియనిదేమీ కాదు, తొందరలో వదిలేశాను. ఒక్కటే చిక్కు. కొత్త బయాస్ ఎక్కించాక ఈ బోర్డు పాత చిప్పును ఇక గుర్తుపట్టదు. కంపెనీ వాళ్ళు ఆ ముక్క ఎర్ర అక్షరాల్లో రాశారు.

వెనక్కి వచ్చే దారి లేదన్నమాట. ఎందుకు రావాలి అసలు?

జూలై 9, బుధవారం

బయాస్ ఎక్కింది. కొత్త చిప్పు లేచింది! కుర్చీలోంచి లేచి గంతేశాను, ఎవరూ చూడలేదు.

సంతోషం టీ తాగినంతసేపు. మెమరీ సగమే చూపిస్తోంది. ఎడమవైపు స్లాట్లలో ఉన్నవి కనబడుతున్నాయి, కుడివైపువి ఉన్నట్టే లేదు. ఆపి మళ్ళీ పెడితే కుడివైపు ఒకటి కనిపించింది. ఇంకోసారి పెడితే అదీ పోయింది.

జూలై 10, గురువారం

సగమే.

జూలై 11, శుక్రవారం

మెమరీ కడ్డీలన్నీ పీకి అటూ ఇటూ మార్చాను. ఎడమవైపు పెడితే ప్రతి కడ్డీ మంచిదే. కుడివైపుకు వెళ్తే ప్రతిదీ చచ్చిపోతుంది. పాత చిప్పుతో కుడివైపు స్లాట్లన్నీ నిక్షేపంగా పనిచేసేవి.

తిరుపతిరావుగారి మీద కోపం వచ్చింది. ఈ బోర్డుకు నప్పే మెమరీల పట్టికలో, చిప్పుతోపాటు ఆయన ఇచ్చిన కొత్త రకం లేదు. ఆ మాటే అన్నాను. గట్టిగానే అన్నాను. కొట్లో ఇంకో బేరగాడు ఉన్నాడు, అతని ముందే. ఆయన పట్టికలో ఉన్న రకం తీసిచ్చి, పనిచేస్తే ఉంచుకోండి మేడం, లేకపోతే తెచ్చేయండి అన్నారు. తెచ్చి పెట్టాను. సగమే.

ప్రాసెసర్ ఊడదీసి చూడొచ్చు. కానీ సాకెట్టులోని పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. ఇప్పటికే పెట్టి తీసి పెట్టాను. ఊరికే కెలకడం మంచిది కాదు. పైగా పసుపు పైనే రాసింది, నేను తుడిచేశాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

జూలై 12, శనివారం

మంగళవారం నుంచి అలారాలు లేవు, ఎండ కాస్తోంది కాబట్టి సరిపోయింది; పొద్దున సర్వర్ సగం మెమరీతోనే నడిపి తిరిగి పెట్టాను. కాసేపటికి తనంతట తనే ఆగిపోయి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. మోగుతుందో మోగదో తెలియని అలారాన్ని నమ్ముకుని జనం నిద్రపోతే ఎంత ప్రమాదం? అసలు లేదని చెబితే కనీసం మేలుకుని ఉంటారు. గంగాధర్‌తో మాట్లాడి ఆపేశాను.

నా లాప్‌టాప్ మీద కొన్ని చెరువులు మాత్రం నడుస్తాయి. అంతకుమించి మోయలేదు. ఎవరివి ఉంచాలి? పట్టుబడికి, అంటే చేపలు పట్టి అమ్మే రోజుకి, దగ్గరపడ్డవి ముందు అనుకున్నాం. పెద్ద చేపకే ఊపిరి ఎక్కువ కావాలి. ఆ లెక్కన రత్తమ్మగారిది అందరికంటే ముందుండాలి, శీలావతి చేప బాగా ఎదిగి ఉంది, వచ్చే నెల పట్టుబడి. ఏడాది కష్టం, దాన్ని నమ్ముకుని లీజుకు తీసుకున్న చెరువు. ఇది పోతే ఆ ఇల్లు మళ్ళీ లేవదు. ఫోన్ చేసి మీది ఉంటుంది, భయం లేదు అని చెప్పాను. ఆవిడ వద్దంది.

"మాది తీసెయ్యమ్మాయ్. మా పక్కనోళ్ళది పెట్టు. మేం కళ్ళతో చూసుకుంటాం, మాకు అలవాటే."

ఎంత బతిమాలినా వినలేదు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు.

జూలై 14, సోమవారం

గంగాధర్ ఊళ్ళోనే ఉండిపోయాడు. వాడు చెప్పిన సంగతి రాసుకోవాలి. రత్తమ్మగారు ఇంటింటికీ తిరిగి వంతులు ఏర్పాటు చేసిందట. ఒక్కో గట్టు మీద ఒక్కో ఇంటివాళ్ళు కాపలా. కాశీరావుగారు అందరి ఏరేటర్లకూ కరెంటు వైర్లు చూసిపెట్టారట. ఆవిడ మాత్రం ఏ వంతులోనూ లేదు, రోజూ తెల్లారకముందే లేచి అన్ని గట్లూ తానే తిరుగుతోందట. ఈ వయసులో ఎందుకని గంగాధర్ అడిగితే, నిద్ర పట్టదురా అందట.

ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. పైగా ఎవరో నా కోసం కొరమీను పంపారు, గంగాధర్ ఐస్‌లో పెట్టి బస్సు డ్రైవర్‌తో పంపించాడు. వండాను గానీ గిన్నె మీద మూత పెట్టేసి లేచాను. నేను వాళ్ళ అలారం ఆపేశాను, వాళ్ళు నాకు చేప పంపారు.

జూలై 15, మంగళవారం

బోర్డు కంపెనీ నుంచి జవాబొచ్చింది. మా బోర్డు మొదటి విడత తయారీ అట. దాని మీద భాగాలన్నిటినీ కలిపే చిప్‌సెట్‌కు కొత్త ప్రాసెసర్లతో పూర్తి పొత్తు ఉంటుందని హామీ ఇవ్వలేరట. 'బోర్డు మార్చుకోవలసిందిగా సూచన.' కొత్తది రావడానికి నెల పడుతుంది.

చదవగానే, చెప్పుకుంటే సిగ్గు, తేలికపడ్డాను. హమ్మయ్య, చిప్‌సెట్. ఎవరి తప్పూ కాదు.

గంగాధర్‌కు చెప్పాను. విని అడిగాడు.

"చిప్పు తీసి అడుగున ఒకసారి చూశావా?"

చూశానని అరిచాను. ఏడో తారీఖున చూశాను కదా. అంతా నేనే చేయాలి, మళ్ళీ నాకే పాఠాలా అన్నాను. వాడు సరేలే అని ఫోన్ పెట్టేశాడు. వాడు తిరిగి అరవకపోతే నాకు ఇంకా మండుతుంది.

సంబంధం లేదు.

జూలై 16, బుధవారం

ముసురు పట్టింది.

జూలై 17, గురువారం

ఇవాళ తెల్లవారుజామున రత్తమ్మగారి చెరువులో చేపలు తేలాయి.

ఆవిడ అప్పుడు వేరేవాళ్ళ గట్టు మీద ఉంది. తన చెరువు చివర్న పెట్టుకుని, అందరివీ చూసుకుంటూ వస్తోందట. వచ్చేసరికి నీళ్ళ మీద నోళ్ళే నోళ్ళు. ఆవిడ కేక విని కాశీరావుగారు ఏరేటర్లు తిప్పారు, గంగాధర్ ఇంజను పెట్టి నీళ్ళు చిమ్మాడు, పక్క గట్ల వాళ్ళు ఆక్సిజన్ బిళ్ళలు తెచ్చి చల్లారు. పొద్దెక్కేసరికి చేపలు దిగిపోయాయి. ఒక మూల కొన్ని చచ్చాయి. అంతే. అంతేనని గంగాధర్ నాకు మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

ఆవిడ బురదలో కూర్చుండిపోయిందట. ఎవరు లేపినా లేవలేదట.

బోర్డు నెలకు వస్తుంది. నెల రోజులు ఆవిడ అలా తిరుగుతూ ఉండాలా? నేను ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని చిప్‌సెట్ అని జపం చేయాలా?

ఇప్పుడే తీస్తున్నాను. డైరీ తర్వాత.

అదే రోజు, సాయంత్రం

తీశాను. అడుగున బంగారు చుక్కలు నిగనిగలాడుతూనే ఉన్నాయి. ఏమీ లేదు. ఏమీ లేదని మళ్ళీ పెట్టేయబోయి, పోనీ అని తెల్లగుడ్డ స్పిరిట్‌లో తడిపి మెల్లగా ఒత్తాను.

గుడ్డ పచ్చబడింది.

బంగారం మీద పసుపు కనబడలేదు. ఎండిపోయి పల్చటి పొరలా, ఒక మూల నుంచి మధ్య దాకా. సరిగ్గా కుడివైపు మెమరీకి దారి అయిన మూల. సాకెట్టులో కూడా కాస్త రాలింది. మెత్తటి బ్రష్షుతో ఊపిరి బిగబట్టి తుడిచాను. ఒక్క పిన్ను కూడా వంగలేదు, ఏ దేవుడి దయో. చిప్పు పెట్టి, మరలు వరస ప్రకారం బిగించి, స్విచ్ వేశాను.

మెమరీ మొత్తం వచ్చింది. రెండు వైపులా. ఆపి వేశాను, మొత్తం. మళ్ళీ ఆపి వేశాను, మొత్తం.

నేల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషానికే. ఎక్కువ భాగం సంతోషానికే.

జూలై 18, శుక్రవారం

సర్వర్ నిన్నటి నుంచి ఆగకుండా నడిచింది. సాయంత్రం అలారాలు తిరిగి పెట్టాం. రత్తమ్మగారి చెరువు మొదట కలిపాను.

అందరి ఫోన్లకూ సందేశం పంపాను. 'వర్షాకాలం తేమ వల్ల సర్వర్‌లో ఇబ్బంది వచ్చింది, సరిచేశాం, మీ అందరి ఓపికకు కృతజ్ఞతలు.' తేమ అన్న మాట రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాను. కానీ ఇంకేం రాయాలి? ఆవిడ పెట్టిన బొట్టు వల్ల ఆవిడ చెరువే పోబోయిందని రాయనా? ఈ మాట నాతోనే ఉండిపోతుంది. గుడ్డ పారేశాను.

జూలై 19, శనివారం

తిరుపతిరావుగారి కొట్టుకు వెళ్ళాను. పెట్టి చూడడానికి తెచ్చుకున్న మెమరీ తిరిగిచ్చాను. మీ సరుకులో తప్పేం లేదండీ, నాదే అన్నాను. బేరగాళ్ళు ఉన్నప్పుడు వెళ్ళి వాళ్ళు వినేలా అన్నాను, ఆ రోజు వినేలాగే తిట్టాను కాబట్టి. ఆయన టీ తెప్పించారు. నిజానికి ఆ వారమంతా భయపడ్డారట, ఎక్కడ నకిలీ సరుకు తగిలిందోనని తన సప్లయర్‌తో కూడా గొడవ పెట్టుకున్నారట. నా ఒక్క మాట ఎంత దూరం పోయిందో చూడు. ఆయన మాత్రం నవ్వుతూ, మిషను లేచింది కదా మేడం, ఇంకెందుకు అన్నారు. కొందరు మనుషులు అంత మంచివాళ్ళుగా ఎలా ఉంటారో నాకు అర్థం కాదు. నాకైతే కోపం ముక్కు మీదే ఉంటుంది.

జూలై 20, ఆదివారం

కైకలూరు వెళ్ళాను. గంగాధర్‌కు క్షమాపణ చెబుదామనుకుంటే వాడు వినకుండా, ముందు తిను అన్నాడు. రత్తమ్మగారింట్లో భోజనం. చేపల పులుసు, నేను వస్తున్నానని నిన్ననే కాచి ఉంచిందట, మర్నాటికే రుచి అట. మనిషి సగమైపోయింది. కళ్ళ కింద నల్లగా. అలారం పనిచేస్తోందని తెలిసినా ఇవాళ కూడా తెల్లారకముందే లేచి గట్లన్నీ తిరిగొచ్చిందని కాశీరావుగారు చెప్పారు. ఇంకెందుకమ్మా అంటే వినదు, మీరైనా చెప్పండి అన్నారు.

భోజనమయ్యాక ఆవిడ నన్ను గట్టు మీదకు తీసుకెళ్ళింది. ఏరేటర్ల దగ్గర నిలబడ్డాం. నీళ్ళ వైపు చూస్తూనే అడిగింది.

"తేమ కాదు గదా అమ్మాయ్?"

నేను ఏరేటర్ల వైపు తిరిగాను.

"ఆ రోజు కళ్ళకద్దుకుంటుంటే నా బొటనవేలు అడుగున తగిలింది. తడి వేలు. నాకప్పుడే తెలుసు. చెబుదామనుకున్నా. నువ్వేమో అంత ముచ్చటగా చూస్తన్నావు, నోరు రాలా. ఇంటికొచ్చాక మిషను ఆగిందన్నారు. ఇంకప్పుడేం చెప్పను? అందరి చేపలూ నా వేలి కింద పోతయ్యేమోనని తిరిగా. పుణ్యానికి తిరగలా."

ఇన్నాళ్ళూ ఈ డైరీ నిండా ఆవిడ మంచితనాన్ని పొగుడుతూ వచ్చాను. తన చెరువు తీసెయ్యమన్నప్పుడు ఏడ్చాను. ఆవిడ మోస్తున్నది ఇది. ఒక్కతే మోసింది.

నేను కూడా చెప్పేశాను. చిప్పు ఊడదీస్తే మీ పసుపే అని తేలుతుందని నాకు లోపల తెలుసు, అందుకే ఊడదీయలేదు, పిన్నులని, మెమరీ అని, చిప్‌సెట్ అని చెప్పుకుంటూ కూర్చున్నాను. మీ చేపలు తేలిన రోజున గానీ చేయి రాలేదు. చెబుతున్నంతసేపూ ఆవిడ నా ముఖం చూడలేదు. తర్వాత చూసింది.

"అయితే ఇద్దరం కలిసి చెరువులన్నీ ముంచేవాళ్ళమన్నమాట."

ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. గట్టు మీద నవ్వుతూనే ఉన్నాం, కాశీరావుగారు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. ఆయనకు అంతా చెప్పింది. ఆయన తల పట్టుకుని, ఈ ఆడాళ్ళు అన్నారు. సాయంత్రం టీ బంకు దగ్గర అందరి ముందూ ఆవిడే చెప్పేసింది, నన్ను మాట్లాడనివ్వలేదు. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం, ముందే చెప్పి ఉంటే ఇన్నాళ్ళు చావు తప్పేది కదా అని విసుక్కున్నాడు. నిజమే. ఆవిడా, నేనూ తలలు వంచుకుని విన్నాం. విసుక్కుని ఆ పెద్దాయనే మా ఇద్దరికీ టీ చెప్పాడు.

బస్సులో వస్తుంటే మనసు తేలిగ్గా ఉంది. వీళ్ళందరూ నాకు ఉన్నారు.

జూలై 22, మంగళవారం

సర్వర్ బాగుంది. రత్తమ్మగారు ఇవాళ కూడా తిరిగొచ్చిందట. అలారం ఉంది కదా పడుకోండి అని ఫోన్‌లో చెప్పాను. పడుకుంటాలే అంది. పడుకోదు. మనసు నమ్మొద్దా అని గంగాధర్ అన్నాడు. మిషను ఆగిన మాట నిజం, చేపలు తేలిన మాట నిజం, నేను ఏ ముఖం పెట్టుకుని నమ్మమనాలి?

జూలై 24, గురువారం

నిన్నంతా మబ్బు. తెల్లవారుతుండగా రత్తమ్మగారి చెరువు అలారం మోగింది, నాకూ వస్తుంది కదా. వెంటనే ఫోన్ చేశాను. కాశీరావుగారు ఎత్తారు. వెనక ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు. ఆయన గుసగుసగా మాట్లాడుతుంటే ఇంకా భయపడి, ఏమైందండీ, రత్తమ్మగారు ఏరీ అని అడిగాను.

"మోగంగానే తిప్పేశానండి, చేపలు దిగినయ్యి. ఆవిడ ఇక్కడే పడుకుని ఉందండి. లేపలా."